బందరు జెట్టీ కింద మూరెడు సముద్రం

స్కూబా డైవింగ్ ప్రకటనల్లో సముద్రం నీలంగా ఉంటుంది. మా బందరు దగ్గర అది టీ రంగులో ఉంటుంది. విజయవాడ మీదుగా మోసుకొచ్చిన ఒండ్రంతా కృష్ణ దించేది ఇటువైపే మరి. అయినా చేపల పడవలు ఆగే జెట్టీ స్తంభాల మీద ఏమేం బతుకుతున్నాయో చూడాలని నా పట్టుదల. పోటు ఆగి, నీళ్లు వెనక్కి తీసే పాటు మొదలయ్యేలోపు కాసేపే నీళ్లు నిలకడగా ఉంటాయి. ఆ వేళ చూసుకుని, సిలిండరునూ, గట్టున తాడు పట్టుకోవడానికి ఒక మిత్రుణ్నీ వెంటేసుకుని విజయవాడ నుంచి బయల్దేరాను.

మొదటిసారి దిగి, ఒండ్రును మాత్రం క్షుణ్ణంగా పరిశీలించి పైకొచ్చాను. జెట్టీ నిండా జనం. మా వైపు డైవర్ నీళ్లలో దిగాడంటే ఒకటే అర్థం: ఎవరో మునిగిపోయారు, శవం కోసం వెతుకుతున్నారు.

"దొరికిందా బాబూ?" అన్నాడొక పెద్దాయన.

"చేపలు చూడ్డానికి దిగానండీ."

"చూడ్డానికా? మార్కెట్లో వరసగా పడుకోబెట్టి చూపిస్తారుగా!"

అందరూ నవ్వారు, ఒకావిడ తప్ప. జనాన్ని చూసి పరుగెత్తుకొచ్చిందట. పొద్దున వాళ్లాయన ఈ జెట్టీ మీదే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఇప్పుడు లేడు. ఫోన్ స్విచాఫ్.

"కింద ఎవరూ లేరక్కా," అన్నాను.

"అంతా చూశావా తమ్ముడూ?"

ఆ టీ రంగు నీళ్లలో నాకు కనపడింది మూరెడు దూరమే. "చూసొస్తా," అని మళ్లీ దిగాను.

ఈసారి టార్చి దగ్గరగా పెట్టి, ప్రతి స్తంభాన్నీ చేత్తో తడుముతూ వెళ్లాను. చేతికి ఏం తగులుతుందోనన్న భయంతో, జన్మలో ఏదీ చూడనంత నిదానంగా చూశాను. సిమెంటు ఎక్కడా కనపడలేదు. అంతటా చొక్కా బొత్తాలంత సున్నపు గుల్లలు అతుక్కుని ఉన్నాయి. ఒక్కోటి మూత తెరిచి, ఈకల్లాంటి కాళ్లు బయటపెట్టి నీళ్లను దువ్వుకుంటోంది. పడవలు గుద్దుకోకుండా వేలాడదీసిన పాత టైరులో వేలెడంత చేప ఒకటి గుడ్లకు కాపలా కాస్తూ నా గ్లౌజును పొడిచింది. ఒక పీత రౌడీషీటర్‌లా డెక్కలు రెండూ పైకెత్తింది, నేను కదలగానే మర్యాదగా పక్కకి తప్పుకుంది. చివరి స్తంభం దాకా వెళ్లాను. మనిషి లేడు.

పైకొచ్చేసరికి ఆ మనిషి జెట్టీ మీద టీ తాగుతున్నాడు. జనం గుమిగూడారని తనూ వచ్చి, పోయిందెవరని ఆరా తీస్తున్నాడట.

"నువ్వేనయ్యా!" అందావిడ. "ఆ ఫోనుకి చార్జింగ్ పెట్టుకోలేవూ?"

తర్వాత జెట్టీ నుంచి నీళ్లలోకి దిగే మెట్ల మీద కూలబడి నీళ్లవైపు చూసింది. "ఇంతకీ కిందేముంది తమ్ముడూ?"

చెప్పాను. నమ్మలేదు. మాస్కు, గాలి పీల్చుకునే గొట్టం, టార్చి ఇచ్చాను. చివరి మెట్టు మీద బోర్లా పడుకుని నీళ్లలో మొహం ముంచింది. జారిపోకుండా వాళ్లాయన కాళ్లు పట్టుకున్నాడు.

"ఏం కనపడట్లా," అంటూ తలెత్తింది.

"స్తంభానికి బాగా దగ్గరగా అక్కా. కదలకు."

మళ్లీ ముంచింది. ఎంతకీ లేవదు.

"ఇదిగో, ఉన్నావా?" అని ఆయన కాలు కుదిపాడు.

ఆవిడ తలెత్తకుండానే, కదపొద్దన్నట్టు ఒక్క తన్ను తన్నింది.