ఆరీఫాకు గొట్టం మార్చిన గురువారం

సోమందేపల్లె దగ్గరి మా ఊళ్లో హబీబా ఇంటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపల రెండేళ్ల కూతురు ఆరీఫా. పుట్టుకతోనే గాలి దారి సన్నం కావడంతో బెంగళూరు ఆసుపత్రిలో గొంతుకు రంధ్రం చేసి చిన్న గొట్టం అమర్చారు. పాప ఊపిరంతా దాని గుండానే. దుమ్ము పడకూడదు, పొగ తగలకూడదు. ఏడ్చినా గొంతు బయటికి రాదు గనుక తల్లి పక్కనుంచి కదలకూడదు.

వీధిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎదురింటి నాగలక్ష్మమ్మ దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాకే వాకిలి చిమ్ముతుంది. పొద్దున్నే పాలచెంబు అరుగు మీద పెట్టి, గడియ తట్టి వెళ్లిపోతుంది. గురువారాల్లో ఇంటింటికీ సాంబ్రాణి ధూపం వేసే జిలాన్ బాషా తాతను హబీబా ఒకసారి గుమ్మంలోనే ఆపేసింది. దేవుడి పేరిట వచ్చిన పొగను తిప్పి పంపిందని కొందరు నొచ్చుకున్నారు. తాత మాత్రం ఆ వారం నుంచి ధూపం గిన్నెకు మూత పెట్టుకుని వీధి అవతలి వారగా నడుస్తున్నాడు. అలా అందరి దయా గడప బయటే ఆగిపోయేది. భర్త అస్లాం తప్ప, ఏడాదిగా ఆ ఇంట్లోకి మనిషి వచ్చింది లేదు.

ఆ గురువారం పొద్దున గొట్టంలో ఈల శబ్దం మొదలైంది. మిషన్‌తో కఫం లాగినా పోలేదు. ఫోన్ చేస్తే ఆసుపత్రి నర్సమ్మ వెంటనే గొట్టం మార్చమంది. పాపను కదలకుండా పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలంది. ఎప్పుడూ పట్టుకునేది అస్లామే. అతను టమోటా లారీతో చెన్నై దగ్గర ఉన్నాడు.

హబీబా నాగలక్ష్మమ్మను పిలిచింది. ఆమె గుమ్మం దాకా వచ్చి, ఆ రంధ్రం చూస్తే తనకు కళ్లు తిరుగుతాయని కన్నీళ్లు పెట్టుకుంది. అప్పుడే అవతలి వారన తాత కనిపించాడు.

“తాతా, పాపను పట్టుకునేకి మనిషి కావాల,” అంది హబీబా.

తాత గిన్నెను వీధి చివర పెట్టి వచ్చాడు. “నా గుడ్డలంతా పొగ వాసన ఉండాది కదమ్మా.”

హబీబా భర్త చొక్కా ఇచ్చింది. తాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని అది తొడుక్కున్నాడు. “ఇందులో నాలాంటోళ్లు ముగ్గురు పడతారు. నీ మొగునికి బాగానే పెడతాండావు.”

బిస్మిల్లా అనుకుంటూ పాప తలను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. హబీబా మెడ పట్టీ విప్పి పాత గొట్టం తీసింది. ఆరీఫా నోరంతా తెరిచి ఏడ్చింది. చప్పుడు లేదు.

“ఇంత ఏడుపు ఏడుస్తాంది, దేవుడొక్కడే వింటాండాడు,” అన్నాడు తాత మెల్లగా.

కొత్త గొట్టం మొదట అడ్డం తగిలింది. హబీబా చేయి ఆగిపోయింది. పాప పెదాలు నీలమవుతున్నాయి.

“నిదానంగా, అమ్మా. నేను వదల్లే.”

పాప ఊపిరి పీల్చే క్షణం చూసి, వంపుగా మళ్లీ నెట్టింది. వెళ్లింది. గొట్టంలోని దారి చూపే పుల్లను లాగేయగానే ఆరీఫా దగ్గింది. కఫం తుంపర తాత గడ్డం మీద పడింది. తుడుచుకోవడానికి ఆయన చేయి తీయలేదు. హబీబా పట్టీ కట్టి, గొట్టం ముందు అరచేయి పెట్టింది. వెచ్చటి గాలి. ఈల లేదు.

తర్వాత టీ పెట్టింది. పాప నిద్రపోయేదాకా తాత గ్లాసు ముట్టుకోలేదు. ఇట్ల ఎన్నాళ్లకోసారి మార్చాలని అడిగాడు. నెలకోసారి అంది.

“గురువారం కాకపోయినా పిలువు. మసీదు కాడ చెప్తే చాలు.”

ఇంకాసేపు కూర్చోమని అడగాలనుకుంది హబీబా. ఆయన ధూపం వేయాల్సిన ఇళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. అడగలేదు. ఆయన వెళ్లాక పాత గొట్టం కడగడానికి నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేదాకా పాప పక్కన కూర్చుంది.