మగ్గం గుంత మీద గుడారం

ఊరి బయట గుడారాల్లో సుఖంగా గడిపే సరదాకు ఇప్పుడు ఇంగ్లీషులో ఒక పేరుంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి వేసవుల్లో, నేను ఆ పని మొదలుపెట్టినప్పుడు, మా వైపు ఎవరికీ ఆ పేరు తెలియదు. "మామిడితోటలో గుడారాలు, మెత్తటి పరుపులు, పిల్లలతో రావచ్చు" అని మద్రాసులో తెలిసినవాళ్ల చేత చెప్పించాను. నగరి కొండల కింద మా పాత ఇంటి స్థలంలో నాలుగు గుడారాలు వేయించాను. మంచాలు, దోమతెరలు, టేబుల్ ఫ్యాన్లు, వెనుక తడికెలతో స్నానాల గది.

నాలుగో గుడారం సరిగ్గా మా నాయన ఇల్లు ఉన్నచోట పడింది. గోడలు ఎప్పుడో కూలిపోయినా నేల గట్టిగా, చదునుగా ఉండేది. ఆ నేలలోనే మగ్గం గుంత. నాయన బతికినన్నాళ్లూ అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేశాడు. గుంత పూడ్చాలంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దకొడుకు అందులో దీపం పెట్టి, "పనైపోయింది నాయనా, ఇంక లెయ్యి" అని చెప్పి మొదటి పిడికెడు మట్టి వేయాలి. పెద్దకొడుకు మా అన్న. ఆయన వస్తే ఆ స్థలంలో నేనేం చేస్తున్నానో తెలుస్తుంది. స్థలంలో ఆయనకూ సగం ఉంది. అందుకని పిలవలేదు. నా చేతులతో పూడ్చే ధైర్యమూ లేకపోయింది. గుంత మీద పలకలు పరిచి, జంపఖానా కప్పి, ఆ పైన పెద్ద మంచం వేయించాను. పలకలకు మేకులు కొట్టించలేదు. కొట్టిస్తే పూడ్చినట్టే అవుతుందనిపించింది.

ఒక మే నెలలో ఆ గుడారంలోకి భార్యాభర్తలు, ఐదేళ్ల పాప దిగారు. మర్నాడు ఉదయం కాఫీ తాగుతూ పాప తల్లి అడిగింది.

"అన్నా, తెల్లారుజామున మంచం కింద ఏందో సప్పుడు. ఎలకలా?"

"పలకలమ్మా. ఎండకు సాగి, సల్లబడితే ముడుసుకుంటాయి."

ఆమె వేలితో స్టీలు గ్లాసు మీద కొట్టి చూపించింది. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఒకటి, మళ్లీ రెండు. చిన్నప్పుడు నేను నిద్రలేచింది ఆ వరసకే.

అతిథులకు వంట చేసే ముసలామె మా ఊరిదే, మా నాయనను ఎరిగినది. గ్లాసు చప్పుడు విని పొయ్యి దగ్గర నుంచే నవ్వింది.

"మీ నాయన నేసినట్లే ఉండాదే. ఆయప్పకు సచ్చినా తీరిక లేదు."

"ఎవరికవ్వా?" అంది పాప తల్లి.

"ఏం లేదమ్మా. అవ్వకు వయసైంది, ఏందేందో అంటా ఉంటాది," అన్నాను. ముసలామె నన్నొకసారి చూసి గరిటె తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పాప తల్లి కునుకు తీసి లేచేసరికి పాప లేదు. గుడారం చుట్టూ చూశాం, తోటంతా పిలిచాం. గాలి ఆగిపోయి ఉంది. పిలిచిన పిలుపు కొండకు తగిలి వెనక్కి వస్తోంది, అంతే. గుడారం గుమ్మంలో పాప చెప్పులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. గుంతలోకి దిగే ముందు నాయన అలాగే విడిచేవాడు. వాటిని చూసిన క్షణంలోనే పాప ఎక్కడుందో నాకు తెలిసింది. నేను నోరు విప్పలేదు. విప్పితే, బిడ్డ పడుకునే మంచం కింద గుంతను దాచానని ఒప్పుకోవాలి. అందరితో పాటు నేనూ బావి దగ్గరికి పరుగెత్తాను. పాప తండ్రి బావిలోకి దిగాడు. ఆయన మునిగి అడుగంతా తడుముతుంటే పైన తాడు పట్టుకుని నిలబడ్డవాణ్ని నేనే. అరగంట.

ముసలామె నా పక్కకొచ్చింది.

"మీ నాయన గుంత పూడ్సినావా?"

నేను తాడును ఇంకో చుట్టు చేతికి చుట్టుకున్నాను.

"నిన్నే అడిగేది."

"లేదు."

"ఏ గుంత?" అంది పాప తల్లి.

గుడారానికి పరుగెత్తి మంచం లాగేశాం. జంపఖానా అంచు చిన్న మడత కూడా లేకుండా, పరిచినట్టే ఉంది. దాన్ని తీసి పలకలు ఎత్తాం. పాప లోపల చీకట్లో మట్టిగట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతున్నాయి.

తల్లి ఎత్తుకుని గుండెకు అదుముకుంది. "అంతసేపు పిలస్తా ఉంటే పలకవేమే?"

"మాట్లాడితే దారం తెగిపోతుందంట."

"ఎవరు చెప్పినారు?"

పాప గుంత వైపు చూసి, తల్లి భుజంలో ముఖం దాచుకుంది. చివరికి నేనూ గుంతలోకి వంగి చూశాను. చూస్తే మట్టి, సాలెగూడు, అంతే.

పాప తండ్రి తడిబట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె నన్నడిగింది.

"గుంత ఉండేది నీకు తెలుసు గదన్నా. ఈయన బావిలోకి దిగేటప్పుడు చెప్పలేదేం?"

"గాబరాలో గుర్తుకు రాలేదమ్మా."

ఆమె నమ్మింది. ముసలామె మాత్రం చీర కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. మరుసటి రోజు వంటకు రాలేదు.

వాళ్లు ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. నేను అన్నను పిలిచి, కాళ్లు పట్టుకుని, స్థలం సంగతీ గుంత సంగతీ చెప్పుకున్నాను. తిట్టి, పూడ్చి, క్షమించాడు. గుడారాలు విప్పేశాను. ఆ అరగంట గురించి అన్నకు కూడా చెప్పలేదు. పాప తల్లి రాసిచ్చిన చిరునామా చాలా ఏళ్లు నా దగ్గరే ఉండింది. ఉత్తరం మొదలుపెట్టిన ప్రతిసారీ "గుర్తుకు వచ్చిందమ్మా, చెప్పులు చూసినప్పుడే" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను.