ఉడుకర్ర చప్పుడు

మొన్న సోమవారం పొద్దున జగిత్యాలలో నా అద్దె గది కిటికీ దగ్గర చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాను. గోడ అవతల బాయిల్డ్ బియ్యం మిల్లు. వడ్లు ఉడికే వాసన నాకు అలవాటైపోయింది, తడిసిన చాపను ఎండలో పరిస్తే వచ్చే వాసనలా ఉంటుంది. ఈ గదికి వచ్చి ఎనిమిది నెలలు. ఇన్నాళ్లూ ఆ గోడ వెనక నుంచి లారీల హారన్లు విన్నాను, హమాలీల కొట్లాటలు విన్నాను, ఒకసారి ఎవరిదో పెళ్లి కుదిరిన సంగతి కూడా విన్నాను. ఆ పొద్దు మాత్రం కొత్త చప్పుడు వచ్చింది. ఎవరో ఇనుప గొట్టం లోపల దూరి సుత్తితో కొట్టినట్టు, ఠంగ్... ఠంగ్... కాసేపు ఆగి, ఠణ్. చాయ్ తొణికి వేళ్ల మీద పడింది. కాలిన సంగతి తర్వాత తెలిసింది. ముందుగా తెలిసింది ఏమిటంటే నాకు పదహారేళ్లని, సిరిసిల్లలో ఉన్నానని, మా అమ్మ ఆ చప్పుడు లోపల ఉందని.

సిరిసిల్లలో పుట్టినవాళ్లకు చప్పుడంటే భయం ఉండదు. మా వాడలో ప్రతి రెండో ఇంట్లో సాంచాలు నడిచేవి, అంటే మరమగ్గాలు. పక్కపక్కన కూర్చున్నవాళ్లు కూడా అరిచి మాట్లాడుకునేవాళ్లు. పసిపిల్లలు ఆ చప్పుడులో హాయిగా నిద్రపోయేవాళ్లు, కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. చప్పుడు ఉందంటే పని ఉన్నట్టు. ఆగినప్పుడే పెద్దవాళ్లు గడపల్లోకి వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. అంత చప్పుడు మధ్య నేనొక్కదాన్నే నోరు లేకుండా పెరిగాను. చుట్టాలు వస్తే తలుపు వెనక ఉండేదాన్ని, చెప్పాలనుకున్నదంతా డైరీలో రాసుకునేదాన్ని. మా మేనమామ నన్ను చూసి నవ్వేవాడు. "గీ పిల్ల మాట్లాడుడంటే ఎండకాలం కరెంటే. ఎప్పుడస్తదో ఎవలికెర్క!"

మేనమామ, అమ్మకు తమ్ముడు, మొదట సాంచాల మెకానిక్. తర్వాత నూలు అద్దకం కార్ఖానాలో బాయిలర్ దగ్గర చేరాడు. అమ్మ కూడా అక్కడే, రంగు వేసిన నూలు చుట్టలను ఆరబెట్టే పని. వానాకాలం వస్తే నూలు నాలుగు రోజులైనా ఆరేది కాదు, ముక్కిన వాసన పట్టేది. కార్ఖానా సేటు తల పట్టుకుంటే మామ ఒక ఉపాయం చెప్పాడు. బాయిలర్ గోడకు ఆనుకొని ఉన్న పొడుగాటి గదిలో భుజాల ఎత్తున ఒక ఇనుప గొట్టం బిగించాడు. తలుపు దగ్గర మొదలై, పొడుగు గోడ వెంట పోయి, మూల దగ్గర మలుపు తిరిగి, వెనక గోడ చివర మూసుకుపోతుంది. అందులోకి ఆవిరి వదిలితే గది మొత్తం పొయ్యిలా కాగుతుంది. గొట్టం ఎలాగూ దండెంలా ఉంది కదా అని తడి నూలు చుట్టలన్నీ దాని మీదే వేలాడదీశారు. నూలు పనివాళ్లకు గోడ వెంట అడ్డంగా పోయేది ఏది కనపడినా దండెమే మరి. ఆ గదికి ఉడుకర్ర, అంటే ఉడుకు గది, అని పేరు పడింది. మామ కార్ఖానాకు వచ్చినవాళ్లందరినీ తీసుకుపోయి చూపించేవాడు, కొత్తిల్లు చూపించినట్టు.

మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు గొట్టం మాట్లాడటం మొదలుపెట్టింది. నేను రోజూ పగటిపూట కాలేజీ నుంచి వచ్చి అమ్మకూ మామకూ టిఫిన్ తీసుకుపోయేదాన్ని. వాళ్లు తినేదాకా రేకుల షెడ్డు కింద ఉడుకర్ర గుమ్మం పక్కన కూర్చొని ఏదో ఒకటి చదువుకునేదాన్ని. లోపల ఠంగుమన్నప్పుడల్లా నా ఒళ్లో పుస్తకం కింద పడేది. అమ్మతో పాటు పనిచేసే ముసలావిడ ఒకామె ఉండేది, బుగ్గారం నుంచి వచ్చింది కాబట్టి అందరికీ బుగ్గారం అవ్వ. ఆమె గొట్టానికి బొట్టు పెట్టి పొద్దున్నే ఒక దండం పెట్టుకునేది. నన్ను చూసి వక్క నములుతూ అనేది, "చప్పుడుకు గింత అదిరిపడేదానివి సిరిసిల్లల ఎందుకు పుట్టినవే? పోయి అడివిల పుట్టకపోయినవ్!"

మామ లెక్క కూడా అదే. "నడిచేది చప్పుడు జేస్తది బిడ్డా. సాంచ చప్పుడు జేస్తలేదా? ఆగిందనుకో, గప్పుడు భయపడు."

నవ్వేశాను గానీ నాకు నమ్మకం కుదరలేదు. సాంచ చప్పుడుకు ఒక తాళం ఉంటుంది, కళ్లు మూసుకొని లెక్కపెట్టొచ్చు. దీనికి లెక్క లేదు. ఒక్కోసారి మూడు దెబ్బలు, ఒక్కోసారి చాలాసేపు ఏమీ లేక ఒక్కటే దెబ్బ, గోడ మీది సున్నం రాలేంత గట్టిగా. ఆ దెబ్బ ఎప్పుడూ మూల మలుపు దగ్గరే పడేది. అమ్మ నిలబడి చుట్టలు తిప్పేదీ అక్కడే.

ఆ శ్రావణంలో రెండు రోజులు కోరుట్లకు, అమ్మమ్మ ఇంటికి పోయాను. పక్కింటి కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు తూకానికి తెచ్చి పెట్టుకునేవాళ్లు. నేను పోయినప్పుడల్లా ఆ కుప్పలో వెతుక్కోవడం మామూలే. ఆ సారి ఒక లావాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు అప్పటికే పల్లీల పొట్లాలై ఊరంతా తిరుగుతున్నాయి. దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. లోపలంతా గొట్టాల బొమ్మలు. "గా బుక్కు సదువుతవా?" అన్నాడు దుకాణం తాత. "కాయితం దళసరి బిడ్డా, చక్కెరకు మంచిగుంటుండె. సరే, తీస్కపో."

చలి దేశాల్లో పెద్ద పెద్ద ఇళ్లను ఆవిరితో వెచ్చబెట్టుకోవడం గురించిన పుస్తకం అది. అమ్మమ్మ మంచం మీద డిక్షనరీ పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. మొదట్లో వాళ్లు కూడా మా మామలాగే గోడ వెంట ఒక పొడుగు గొట్టం వేసుకున్నారట. తర్వాత ఒక ఇనుప పెట్టె మీద పొట్టి గొట్టాలను వరుసగా నిలబెట్టారు. ఆ తర్వాత పక్కటెముకల్లాంటి పోత ఇనుప ముక్కలను ఒకదానికొకటి బిగించి, గది ఎంత పెద్దదైతే అన్ని ముక్కలు కలుపుకునేలా చేశారు. ప్రతి మార్పు వెనకా ఏదో ఒక బాధ ఉంది. చివరి దాకా వేడి పోవడం లేదు, ఎందుకంటే లోపలి గాలికి బయటికి దారి లేదు. అందుకని చివర ఒక చిన్న నల్లా పెట్టారు. ఆవిరి చల్లబడి నీళ్లవుతోంది, ఆ నీళ్లు ఆవిరికి ఎదురు రావాల్సి వస్తోంది. అందుకని పోయే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి వేశారు. ఒక బొమ్మ దగ్గర నా వేలు ఆగిపోయింది. నడుమ వంగిన గొట్టం, వంపులో నిలిచిన నీళ్లు. ఆవిరి ఆ నీళ్లను ముద్దలా ఎత్తి తీసుకుపోయి మలుపుకు కొడుతుంది, రాయితో కొట్టినట్టు. మలుపు ఒకనాడు పగులుతుంది. కింద పేజీ చివర దాకా చదివి పుస్తకం మూశాను. ఆ గొట్టం మీద రెండేళ్లుగా తడి నూలు బరువు వేసింది మేమే.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు. ఎట్లా చెప్పను? గుమ్మం దగ్గర నేను కూర్చునే చోటు నుంచి బాయిలర్ దగ్గర మామ కుర్చీకి పది అడుగులు ఉంటుంది, ఎన్నోసార్లు లెక్కపెట్టాను. మొదటి రోజు పోయి నిలబడితే మామ తలెత్తి "ఏంది బిడ్డా?" అన్నాడు. "ఇయ్యాల పప్పు," అని చెప్పి వచ్చేశాను. నాలుగో రోజు డైరీలోంచి కాగితం చించి బొమ్మ గీసి, బాణాలు పెట్టి, మామ టిఫిన్‌లో రొట్టెల మీద పెట్టాను. మామ దాంతో చేతులు తుడుచుకొని బొగ్గులోకి విసిరేశాడు. అమ్మతో గొట్టం సంగతి ఎత్తబోతే, మాట పూర్తి కాకముందే "మీ మామకు తెల్వదా?" అంది. తమ్ముడి తెలివి మీద ఆమెకు అంత నమ్మకం. ఈలోగా వెనక గోడ వైపు నూలు ఆరడం లేదని సేటు అరిచాడు. మామ ఆవిరి ఇంకా పెంచాడు. ఠంగ్ కాస్తా ఠణ్ అయింది. రోజూ పగటిపూట అమ్మ బయటికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకునేదాకా నేను ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. డైరీలో ఆ రోజులన్నింటికీ ఒకటే వాక్యం ఉంది, 'ఈ రోజు కూడా బయటికి వచ్చింది.' ఇంట్లోంచి ఒక నూలు కండె తెచ్చి టిఫిన్ సంచిలో వేసుకొని తిరిగాను. ఆవిరి ఆపినప్పుడు లోపలికి పోయి, పోగు బిగించి గొట్టం వంపు చూపిద్దామని నా ఆలోచన. నేను పోయే వేళకు ఆవిరి ఆగింది ఎన్నడూ లేదు.

పదకొండో రోజు తినడం అయ్యాక అమ్మ చెయ్యి కడుక్కొని లేచింది. అప్పుడే లోపల దెబ్బ పడింది. రేకులు అదిరాయి, అవ్వ నోట్లో వక్క ఆగింది. అమ్మ మాత్రం గుమ్మం వైపు నడిచింది. నేను లేచి అడ్డం నిలబడ్డాను.

"జరుగు బిడ్డా, చుట్టలు తిప్పాలె."

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

"ఏమైందే దీనికి? గాలి సోకిందా?" అంది అవ్వ.

అమ్మ నా భుజం పట్టి పక్కకు జరపబోయింది. నాకు ఇంకేమీ తోచలేదు. కండె తీసుకొని నేనే లోపలికి పోయాను. ఆ వేడి ముఖానికి గుడ్డలా చుట్టుకుంది. తలుపు దగ్గర, గొట్టాన్ని గోడకు పట్టి ఉంచే క్లాంపుకు నూలు కొస ముడి వేశాను. తర్వాత గోడ వెంట నడిచాను. గొట్టం నా చెవి పక్కనే బుసకొడుతోంది. లోపల నీళ్లు కదులుతున్న సద్దు స్పష్టంగా వినిపించింది, కడుపులో పేగులు కదిలినట్టు. మూల క్లాంపు దగ్గర పోగును గట్టిగా లాగి కట్టేటప్పుడు మణికట్టు ఇనుముకు తగిలి చర్మం అంటుకుంది. అయినా ముడి వేసే వచ్చాను.

మామ తిట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చి లేసిందా నీకు! నీకేమన్న అయితే మీ బాపుకు ఏం మొఖం సూపియ్యాలె?" గుమ్మంలోనే ఆగాడు. పోగు ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు బిగుసుకొని ఉంది. దాని కింద గొట్టం నడుమ నాలుగు వేళ్లు దిగిపోయి ఉంది. నేను ఆ వంపు వైపు చెయ్యి చూపించి, "నీళ్లు, మామా," అన్నాను. ఆ రెండు మాటలే.

పోగు బిగువు తెలిసిన మనిషికి అంతకంటే చెప్పనక్కర్లేదు. మామ పోయి వాల్వు బంద్ చేశాడు. గొట్టం పూర్తిగా చల్లారాక పానా వేసి మూల మలుపును విప్పుతుంటే అది సగం తిరిగి రెండు ముక్కలై అతని చేతిలోకి వచ్చేసింది. వెనకే నీళ్లు. బకెట్ నిండి నేల మీద పారాయి, తుప్పుతో ఎర్రగా. మామ ఆ ముక్కలను అమ్మకు చూపించాడు. పగులు సగం పాతది, అంచు నల్లబడి ఉంది. "అక్కా," అన్నాడు, వాటిని ఆమె కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడు.

వారం రోజులు ఉడుకర్ర మూసేశారు. పగటిపూట మామ ఆ పుస్తకం ముందు పెట్టుకొని కూర్చునేవాడు, నేను బొమ్మ బొమ్మకూ అర్థం చెప్పేదాన్ని. ఇంట్లో ఎవరితోనూ అంత మాట్లాడి ఉండను. "గా తెల్లోళ్లు సలికి తట్టుకోనీకి జేస్కున్నరు. మనం వానకు. బాధ ఒక్కటే," అనేవాడు. కొత్త గొట్టాన్ని కొద్దిగా వాలుగా, మూరకొక క్లాంపుతో బిగించాడు. చల్లబడిన నీళ్లు పోవడానికి కింద వేరే గొట్టం వేశాడు, చివర గాలి పోవడానికి చిన్న నల్లా పెట్టాడు. నూలుకు విడిగా వెదురు దండేలు కట్టించాడు. ఆవిరి వదిలిన రోజు నల్లా కాసేపు ఈలవేసి ఊరుకుంది. ఎప్పుడూ చల్లగా ఉండే వెనక గోడ వెచ్చబడింది. చప్పుడు మాత్రం లేదు. బుగ్గారం అవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "సప్పుడు లేదేందిరా? సచ్చిందా ఏంది? నేను లోపటికి వోను, నాకు భయమైతంది!" ఆమెను లోపలికి పంపేసరికి మామకు తాతలు దిగొచ్చారు.

ఆ సాయంత్రం అమ్మ నా మణికట్టుకు కొబ్బరినూనె రాస్తూ అడిగింది, "గిన్ని దినాలు ఎందుకు జెప్పలే బిడ్డా?" కోపంగా అడిగి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. మెల్లగా అడిగింది. నేను నూనె సీసా మూత బిగిస్తూ కూర్చున్నాను. ఆ మచ్చ చిన్న కందిగింజంత ఇప్పటికీ ఉంది.

మొన్న మిల్లు గోడ వెనక మూడో దెబ్బ పడగానే గ్లాసు కిటికీలో పెట్టి, చున్నీ వేసుకొని మెట్లు దిగాను. గేటు దగ్గర బాయిలర్ మనిషిని పిలవమంటే నిద్రకళ్లతో ఒకాయన వచ్చాడు. గొట్టం కొట్టుకుంటోందని, వంపులో నీళ్లు నిలిచినట్టున్నాయని చెప్పాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది.

"మిల్లన్నంక సప్పుడుండదా చెల్లే?"

"గీ సప్పుడు ఉండొద్దన్నా," అన్నాను, ఈసారి కొంచెం గట్టిగానే. "లోపట మనుషులున్నరా?"

ఆయన నా ముఖం చూశాడు, తర్వాత పైకి గొట్టం వైపు చూశాడు, తర్వాత వేగంగా లోపలికి నడిచాడు. నేను గేటు ఊచలు పట్టుకొని విన్నాను. ఇంకొక దెబ్బ. తర్వాత వాల్వు తిప్పిన కిర్రుమనే సద్దు, ఆపై ఏమీ లేదు.

ఆ వానాకాలం పది అడుగులు నడవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొన్న గదికి తిరిగి వచ్చేసరికి కిటికీలో చాయ్ ఇంకా వెచ్చగానే ఉంది. మధ్యలో గడిచిన ఎనిమిదేళ్లూ ఈ కొన్ని అడుగులు నేర్చుకోవడానికే పట్టాయని అప్పుడు తెలిసింది.