పైన కొత్తది, కింద పాతది

గార్లదిన్నెకు ఆవల ఉన్న ఒక తాగునీటి పథకపు కార్యాలయంలో నాజ్‌నీన్ నాలుగేళ్లు కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేసింది. తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే బుడేన్ సాబ్ రెండవ కుమార్తె. ఉద్యోగం కాంట్రాక్టుది, ఏటా మార్చి నెలాఖరున పొడిగించవలసినది. ఆమె ఎన్నడూ ఆలస్యంగా రాలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఆ రెండవ గుణమే సూపరింటెండెంటు రాఘవేంద్ర గారికి గిట్టేది కాదు.

ఏ ఊరికి రోజుకు ఎన్ని నిమిషాలు నీళ్లు వదలాలో ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటుంది. ఒక్కొక్క వరుసలో ఒక ఊరి పేరు, దాని ఎదుట నిమిషాలు. ఉదయం ఐదింటికి షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము ఆ ఫైలును చదివి వాల్వులు తెరుస్తుంది. చదువుతుందనడం మర్యాదకు మాత్రమే. ఎప్పుడో ఒక గుత్తేదారు మనిషి వ్రాసిపోయిన ఆ స్క్రిప్టు, ఫైలులో ఏముంటే దానినే ఆజ్ఞగా భావించి అమలు చేసుకుంటూ పోయేది. తప్పొప్పులు చూసేది కాదు. ఒకే ఊరి పేరు రెండుసార్లు తగిలితే ఆఖరున ఉన్న అంకెనే నిలుపుకునేది. ఒక్కొక్క వరుసను విడిగా చదివించి, సరిచూసిన తరువాతనే స్వీకరించేలా మార్చుటకు అనుమతి కోరుతూ నాజ్‌నీన్ రెండు పర్యాయాలు అర్జీ పెట్టింది. రెండు పర్యాయాలూ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వెళ్లింది. వెళ్లే ఉత్తరాలకు రిజిస్టరులో ప్రతి వ్రాసే గుమాస్తాను నేనే గనుక ఎరుగుదును: ఎవరూ పరిశీలించలేదు.

ఈ మార్చిలో, అంతవరకు ట్యాంకరు మీదనే ఆధారపడిన చింతమాను కాలనీకి రోజుకు ఇరవై నిమిషాలు మంజూరయ్యాయి. నాజ్‌నీన్ సెలవులో ఉన్న ఆదివారం నాడు రాఘవేంద్ర గారు తామే ఫైలు తెరిచి, కొత్త పట్టికను పైన టైపు చేసి, పాత పట్టికను దాని కింద అలాగే ఉంచారు. కాగితాల కట్టలో మేము చేసేది అదే: కొత్త ఉత్తర్వు పైన, పాతది రికార్డు కొరకు కింద. పాత పట్టికలో ఆ కాలనీకి ఉన్నది సున్న.

సోమవారం కాలనీ కుళాయిలలో చుక్క రాలేదు. అక్కడి ఓబులమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నేరుగా కార్యాలయానికే వచ్చింది.

"ఏమ్మా నాజ్‌నీనూ, నీళ్లొస్తాయని నువ్వే గదా చెప్తివి? యాడొచ్చినాయి?"

"మిషను పాత లెక్కనే పట్టుకున్యాది అవ్వా."

"మిషనుకు గూడా మేమంటే అలుసేనా? మీ సారును రమ్మను, ఈ బిందె ఆయప్ప నెత్తిన పెడతా."

సారు తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఓబులమ్మ వెళ్లిన తరువాతనే నాజ్‌నీన్‌ను పిలిపించి, "నా అజాగ్రత్త వలన పొరపాటు జరిగినది" అని నా చేత వ్రాయించిన కాగితం ఆమె ముందుకు తోశారు.

"ఈడ సంతకం పెట్టు."

"పాత పట్టిక కింద పెట్టింది మీరు గదా సార్?"

"ఫైల్లో పాత ఆర్డరు ఎవురైనా తీసేస్తారా? ముప్పై ఏండ్లుగా ఇదే పద్ధతి."

"కాగితాలకు సార్. కంప్యూటరు పైనుంచి కిందికి పోతాది. ఆఖర్న ఏముంటే అదే దానికి ఆర్డరు."

"అయితే నీ కంప్యూటరుకే పద్ధతి తెలీదు. సంతకం పెడితే హెచ్చరికతో పోతాది. పెట్టకుంటే ఏప్రిల్ ఒకటి నుంచి నీకు ఈడ కుర్చీ ఉండదు."

నాజ్‌నీన్ ఆ వాక్యాన్ని కొట్టివేసింది. దాని కింద, ఆదివారం తాను విధుల్లో లేననీ, మూడవ వరుసలో కాలనీకి ఇరవై, నలభై ఒకటవ వరుసలో సున్న ఉన్నాయనీ వ్రాసి సంతకం చేసింది. ఆయన దానిని ఉండలా చుట్టి బుట్టలో వేశారు. ఎదుట నిలబడి చూసిన నాకు రోత కలిగింది. అయినా నా బల్ల దగ్గరకు వచ్చి రిజిస్టరు తెరిచాను.

ఆ మధ్యాహ్నం ఆమె భోజనానికి కూడా లేవకుండా స్క్రిప్టును తిరగవ్రాసింది. ఇకపై అది ఒక్కొక్క వరుసనే చదువుతుంది; పేరు, అంకె రెండూ సరిగా ఉంటేనే తీసుకుంటుంది; ఒక ఊరికి మొదట కనిపించిన అంకెనే నిలుపుకొని, కింద మళ్లీ అదే పేరు వస్తే దాటిపోతుంది.

"ఇది సరైన పనేనా అమ్మా?" అని అడిగాను.

"కాదు సార్. సరైన పనంటే పాతది తీసేయడమే. తీసేస్తే మళ్లా తెచ్చి పెడతాడు. ఆయప్ప మారడు, అందుకే స్క్రిప్టును మారుస్తాండా," అంది. ముఖంలో అసహ్యం దాచుకోలేదు.

మంగళవారం ఉదయం కాలనీకి ఇరవై నిమిషాలు నీళ్లు వచ్చాయి. రాఘవేంద్ర గారు శాలువా కప్పించుకుని, కుళాయి తిప్పుతూ ఫోటో దిగి వచ్చారు. పాత పట్టిక కిందనే ఉండగా నీళ్లెలా వచ్చాయో ఆయన ఆరా తీసిన మీదట, శుక్రవారం నాజ్‌నీన్ తొలగింపు ఉత్తర్వు సిద్ధమైంది: అనుమతి లేకుండా కార్యాలయపు ప్రోగ్రామును మార్చినందున ఆమె సేవలు ఇక అవసరం లేదు. ఆదివారం మాట అందులో ఎక్కడా లేదు. లేదని తెలిసే, నేను ప్రతి వ్రాశాను.

ఆమె ఉత్తర్వును నిలబడే చదివింది.

"ఇంత అబద్ధాన్ని ఒక్క కొట్టివేత గూడా లేకుండా రాసినారు గదా సార్!"

నేను రిజిస్టరు ముందుకు జరిపాను. అందినట్లు సంతకం చేసి, తాడిపత్రి బస్సు వేళకు ఆమె వెళ్లిపోయింది.