షిఫ్టుల్లో పడుకున్న పదో తరగతి

చాయ్ గ్లాసు జారి పడితే నేనంత భయపడేదాన్ని కాదు. ఆ రోజు పొద్దున అది నా చేతిలోంచి ఎగిరి గోడకు తగిలింది. భుజం దగ్గర ఎవరో పట్టి గుంజినట్టు చెయ్యి ఒక్కసారి అదిరింది. అమ్మ చీపురు తెస్తూ, పరీక్షలు నీకా, నీ చేతులకా అని ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. కానీ అంతకుముందు దువ్వెన కూడా ఇట్లాగే ఎగిరింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల కార్ఖానాలో పనిచేస్తాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఒక వారం పగటి డ్యూటీ, మరో వారం రాత్రి డ్యూటీ. అమ్మ బీడీలు చేస్తుంది. నేను పదో తరగతికి వచ్చాక స్కూల్లో పొద్దున స్పెషల్ క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్లు, ఇంటికొచ్చాక చేతులు పడిపోయేంత రాతపని. ప్రతి సారుకూ లోకంలో తన సబ్జెక్టు ఒక్కటే ఉన్నట్టుండేది. చదువూ నిద్రా రెండూ ఒక్క రోజులో పట్టడం లేదని ఏడిస్తే బాపు ఉపాయం చెప్పాడు. ఆయనకు తెలిసిన ఉపాయం డ్యూటీయే.

"నిద్ర ఒక్కతీరుగనే పోవాలెనని ఎవలు జెప్పిండ్రు బిడ్డా? నేను పెండ్లిగాకముందు సంది తునకలు తునకలుగ పండుకుంటున్న. నాకేమైంది?"

అట్లా నాకూ షిఫ్టులు పడ్డాయి. స్కూలు నుంచి రాగానే బువ్వ తిని ఒక కునుకు. అమ్మ లేపితే లేచి చదువు. తెల్లారగట్ల ఇంకో కునుకు, అది పట్టీపట్టకముందే స్పెషల్ క్లాసు. సాంచాల మనిషి ఇంట్లో నిద్రకు వేళాపాళా ఉండదు కాబట్టి మాకిది వింతగా అనిపించలేదు. పైగా మార్కులు పెరిగాయి. బాపు వాడకట్టంతా గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మార్కులే మా కొంప ముంచాయి.

గ్రాండ్ టెస్ట్ రోజు పొద్దున అమ్మ నాకు జడ వేస్తోంది. చేతులు రెండూ వరసపెట్టి ఎగిరాయి. అంతవరకే నాకు గుర్తు, మిగతాది అమ్మ చెప్పిందే. గట్టిగా అరిచి పడిపోయానట. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట, నాలుక కరుచుకుని నోట్లోంచి రక్తం వచ్చిందట. పక్కింటి అత్త పరుగెత్తుకొచ్చి తాళాల గుత్తి నా పిడికిట్లో పెట్టిందట. నేను కళ్లు తెరిచేసరికి బట్టలు తడిసి ఉన్నాయి. ఒక ఆడమనిషి నా మీదికి వంగి ఏడుస్తోంది. ఆమె మా అమ్మ అని కాసేపు నాకు తెలియలేదు. అప్పటి భయం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఒక్కోసారి అమ్మ ముఖం చూసి, గుర్తుపట్టాను కదా అని నాకు నేనే చెప్పుకుంటాను.

కరీంనగర్‌లో న్యూరాలజిస్ట్ మేడమ్‌కు చూపించారు. ఆమె మొదటి ప్రశ్నే, పొద్దున లేవగానే చేతుల్లోంచి వస్తువులు ఎగిరిపడతాయా అని. మా ఇంట్లో జరిగింది ఈమెకెట్లా తెలిసిందా అనిపించింది. ఎంఆర్ఐ తీశారు. ఆ మిషన్ చప్పుడుకు చాలామంది హడలిపోతారట. సాంచాల పక్కన పెరిగినదాన్ని, నేను హాయిగా కునుకు తీశాను. రిపోర్టు నార్మల్ వచ్చింది. మెదడు కరెంటులో తేడా చూసే ఈఈజీ పరీక్షకు మాత్రం ముందురోజు రాత్రి సరిగా నిద్రపోకుండా రమ్మన్నారు. దాంతో అమ్మకు గుండె ఆగినంత పనైంది.

"పండి లేచిన పిల్లనే పడిపాయె. ఇంక మీరేమో నిద్రనే పోనియ్యద్దంటున్నరు. తొవ్వల పడితే ఎట్ల మేడమ్?"

అలసిన మెదడులోనే ఆ తేడా సరిగ్గా కనబడుతుందని, తోడు లేకుండా వదలొద్దని మేడమ్ చెప్పారు. అమ్మ బస్సులో సిరిసిల్ల నుంచి కరీంనగర్ దాకా నా మణికట్టు వదల్లేదు.

జబ్బు పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, ఈడొచ్చే వయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛ. రోజూ ఎంతసేపు పడుకుంటుందని మేడమ్ అడిగితే బాపు షిఫ్టుల సంగతి చెప్పాడు, మొదట కొంచెం గర్వంగానే. ఆమె పెన్ను కింద పెట్టారు. "మీరు తట్టుకున్నారని ఆమె కూడా తట్టుకోవాలని లేదు. ఈ అమ్మాయికి నిద్ర తెగితే ఫిట్స్ వస్తాయి. మాత్ర సగం మందు, నిద్ర సగం. రెంట్లో ఏది మానేసినా మళ్లీ వస్తాయి."

ఇంటికొచ్చాక అమ్మ ఒక్క మాట గట్టిగా చెప్పింది. "స్కూల్ల ఎవ్వలకు చెప్పకు బిడ్డా. తెలిస్తే ఏ కాలేజోల్లు తీసుకోరు, ఏ హాస్టల్ల ఉంచుకోరు. నీ చదువు ఈడికే ఆగిపోతది."

ఫిట్స్ కంటే ఆ మాటకే నేను ఎక్కువ భయపడ్డాను. చదువు ఆగితే తెల్లారి నా ఒళ్లోకి బీడీల చాట వస్తుందని నాకు తెలుసు. అందుకే నోరు మెదపలేదు. కొత్త మాత్రలకు క్లాసులో తూగేదాన్ని, సార్లు నిలబెట్టేవాళ్లు. ఎవరికీ తెలియదు కాబట్టి స్పెషల్ క్లాసులు తగ్గలేదు, రాతపని తగ్గలేదు. తగ్గింది మళ్లీ నిద్రే. మాత్ర వేసుకుంటున్నాను కదా, ఏం కాదులే అనుకున్నాను.

ప్రీఫైనల్స్ ముందు ఆదివారానికి కోరుట్లలో మా పెద్దమ్మ ఇంటికి పోయాం. పుస్తకాలన్నీ సర్దుకున్న నేను మాత్రలు మర్చిపోయాను. పొద్దున స్నానానికి నీళ్లు కాగుతుంటే పొయ్యి దగ్గర నిలబడ్డాను. తర్వాత కళ్లు తెరిచేసరికి నా మోచెయ్యి కాలి ఉంది, కాగు బోర్లాపడి ఉంది. పెద్దమ్మ నన్ను వెంటనే పక్కకు గుంజకపోతే ముఖమే కాలిపోయేదట. అమ్మ అక్కడే కూలబడి ఉంది.

"దాస్తె దాగేదానే గిది?" అని పెద్దమ్మ అమ్మను నిలదీసింది. "పిల్ల పొయ్యిల పడ్డంక చదువు దేనికి, దాసుడు దేనికి?"

మర్నాడే అమ్మ మందుచీటీ పట్టుకుని నాతోపాటు స్కూలుకొచ్చింది. ఇంటికి పొమ్మంటారనే అనుకున్నాను. ఒక సార్ అన్నారు కూడా, పరీక్ష హాల్లో పడితే జవాబుదారీ ఎవరని. మా లెక్కల టీచర్ మాత్రం నా టైమ్‌టేబుల్ అడిగి చూసింది. అందులో నిద్రకు గడి ఎక్కడుందని అడిగింది. లేదు. ఆమె కాగితం తిప్పి, ముందు రాత్రి నిద్రను ఒకే ముక్కగా గీసి, మిగిలిన జాగాలో సబ్జెక్టులు సర్దింది. పట్టనివాటిని కొట్టేసింది. పొద్దుటి క్లాసులు నాకు మాఫీ చేయించింది. ఒకే లెక్కను పదిసార్లు రాసే పని కూడా పోయింది. బాపు కార్ఖానా యజమాని అయిన ఆసామిని బతిమాలి పగటి డ్యూటీకే మారాడు. మా ఇంట్లో అందరూ ఒకే వేళకు పడుకోవడం అదే మొదలు.

పరీక్షలు భయంతోనే రాశాను. ప్రతి పొద్దునా పెన్ను పట్టేముందు చేతులు చాపి చూసుకునేదాన్ని. ఒక్కసారి కూడా పడిపోలేదు. బాపు చెప్పుకున్నన్ని మార్కులైతే రాలేదు గానీ మంచి మార్కులతోనే పాసయ్యాను.

ఇప్పుడు జగిత్యాలలో ఇంటర్ రెండో సంవత్సరం. మాత్రలు నడుస్తున్నాయి. చాలాకాలం వేసుకోవాల్సి రావచ్చన్నారు. బాత్‌రూమ్ గడియ పెట్టను. జ్వరమొచ్చినా, బస్సు లేటై నిద్ర తగ్గినా గుండె దడ పుడుతుంది. భయం పోయిందని అబద్ధం చెప్పను.

ఈ జబ్బున్న పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీ పక్కన పడుకునే మనిషికి మొదటి రోజే చెప్పండి. పడితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టొద్దని, త్వరగా ఆగకపోతే అంబులెన్స్‌ను పిలవాలని చెప్పండి. నేను ఆ మాట చెప్పడానికి ఎంత తన్నుకులాడానో నాకే తెలుసు. ఇక్కడి హాస్టల్‌లో చేరిన రోజు నాకు పై మంచం ఇచ్చారు. అక్కడినుంచి పడితే ఏమవుతుందో తెలిసీ, అడిగితే ఇంటికి పంపుతారేమోనని పెట్టె పట్టుకుని నిలబడిపోయాను. కింది మంచం మేడిపల్లి అమ్మాయిది. చివరికి ఆమెకు అంతా చెప్పేశాను, తల ఎత్తకుండానే. ఆమె తన పరుపు చుట్టి చంకలో పెట్టుకుంది. వార్డెన్ దగ్గరికి పోతోందనుకున్నాను.

"నువ్వు కింద పండు, నేను పైకి పోత. ఇంక ఏం జెయ్యాల్నో మల్లొక్కసారి చెప్పు, నాకు యాదికుండాలె" అంది.