వియన్నా కట్టర్ కోసం కరీం భాయ్ సాక్ష్యం

1939 మొదట్లో పంజాగుట్టలో నాకొక టైలర్ షాపు ఉండేది. మా నాన్న సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. నేను కుట్టుపని నేర్చుకుని పట్నం వచ్చాను. బేగంపేట బంగళాల వాళ్లు, అమీర్‌పేట ఉద్యోగులు మా గిరాకీ. షేర్వానీలు కోసేది కరీం భాయ్. బట్ట మీద సుద్దతో గీసి కోసే పనివాణ్ణి కట్టర్ అంటాం. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు, కోత తప్పితే బట్ట పోయినట్టే. అందుకే కరీం భాయ్ మాట అంటే షాపులో అందరికీ గౌరవం.

రోషన్ బాయి అనే పార్సీ ఆవిడ మా దగ్గర బట్టలు కుట్టించుకునేది. జర్మనీ, ఆస్ట్రియాల్లో యూదులను వెంటాడి వేధిస్తున్న రోజులవి. వాళ్లకు సాయం చేసే సంఘం ఒకటి బొంబాయిలో ఉండేది. దాని తరఫున ఆమె హైదరాబాదులో తిరిగేది. లండన్‌లోని ఇలాంటి సంఘం అక్కడి ప్రభుత్వాన్ని అడుగుతుంది, బొంబాయి వాళ్లు ఇక్కడి ప్రభుత్వాన్ని అడుగుతారు. ఎంతమంది అడిగినా, వచ్చే మనిషికి ఊళ్లో ఎవరో ఒకరు పని చూపించాలి.

ఒకరోజు ఆమె ట్రయల్‌కు వచ్చింది. అంటే పైపైన కుట్లు వేసి ఒంటిమీద సరిచూడటం. అద్దం ముందు నిలబడే మాట ఎత్తింది.

"రాజలింగం, వియన్నాలో ఎమిల్ అని ఒక కట్టర్ ఉన్నడు. ఆడోళ్ల కోట్లు కోస్తడు. దుకాణం గుంజుకున్నరు. జైల్ల పెట్టి, దేశం ఇడిసిపోతనని రాయించుకుని ఇడిసిన్రు. యాడికి పోతడు? ఏ దేశం రానిస్తలేదు."

"నేను పని ఇస్తనంటే ఈడికి రానిస్తరా బాయీ?"

"వీసాలిచ్చే ఆఫీసర్ ముందు నిలబడి చెప్పాలె. నిజంగ పని ఉంటేనే చెప్పు. ఉత్త మాట చెప్తే, రేపు ఇంకొకరి కోసం పోయినప్పుడు నన్ను నమ్మరు."

పని నిజంగానే ఉంది. ఆడవాళ్ల కోట్లు కావాలని ఎవరైనా వస్తే, మాకు రాదని తిప్పి పంపుతున్నాం. సరేనన్నాను.

షాపులో ఆ సంగతి చెప్పగానే కరీం భాయ్ కత్తెర కింద పెట్టాడు.

"తెల్లోడొచ్చి కూసుంటే గిరాకంత ఆయన దిక్కే పోతది. మా బతుకేంది రాజన్నా?"

మిగతా పనివాళ్లు తలలు వంచుకుని కుట్టుకుంటున్నారు గానీ, అందరి మనసులోనూ అదే ఉంది. రోషన్ బాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. మర్నాడు షాపుకే వచ్చి కరీం భాయ్ పక్కన చాప మీద కూర్చుంది.

"జాలి పడమని అడగను కరీం భాయ్. ఆయనొస్తే నీకేం ఫికరో చెప్పు. ఏం కావాల్నో అది సుత చెప్పు."

అతను చేతిలో సుద్ద పక్కన పెట్టాడు. "షేర్వానీలు నాయే. ఆడోళ్ల కోట్ల కోత నాకు నేర్పాలె. గంతే."

ఆ మాట వియన్నా చేరి, ఎమిల్ ఒప్పుకున్నాడని కబురు వచ్చేదాకా ఆమె ఆఫీసు గడప తొక్కలేదు. తర్వాత మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లింది.

"హైదరాబాదులో దర్జీలు కరువా?" అని ఆఫీసర్ ఉర్దూలో అడిగాడు.

"దర్జీలు మస్తుగున్నరు సాబ్. గీ పని మా షాపుల ఎవరికీ రాదు," అన్నాను.

"నీ పనివాళ్ల సంగతేమిటి?"

కరీం భాయ్ ముందుకు జరిగాడు. "ముందుగాల వద్దన్నది నేనే సాబ్. ఇప్పుడు రానియ్యమని చెప్పనీకి నేనే వచ్చిన."

ఆఫీసర్ కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. ఆ రోజు ఏమీ తేల్చలేదు. కొన్ని వారాలకు వీసా వచ్చింది.

ఎండాకాలంలో ఎమిల్ దిగాడు. సన్నటి మనిషి. యూనిఫాం వేసుకున్న వాడెవడైనా దుకాణం ముందు నుంచి పోతే చేతిలో సుద్ద ఆగిపోయేది. కరీం భాయ్‌కి, అతనికి ఉమ్మడి భాష లేదు. ఒకరు గీస్తే ఇంకొకరు చెరిపి గీసేవారు. అలాగే పని నేర్పాడు.

కాస్త కుదురుకున్నాక, వియన్నాలో ఉండిపోయిన తమ్ముణ్ణి కూడా రప్పించమని ఎమిల్ అడిగాడు. ఈసారి కరీం భాయ్ ఎవరూ పిలవకముందే షేర్వానీ తొడుక్కుని బయల్దేరాడు. అర్జీ లోపలికి వెళ్లింది. జవాబు రాకముందే యుద్ధం మొదలై దారులు మూసుకుపోయాయి. ఆ మాట చెప్పడానికి రోషన్ బాయి తనే వచ్చింది. ఎమిల్ విని, కోయాల్సిన బట్ట బల్ల మీద పరిచాడు. కత్తెర మాత్రం ముట్టుకోలేకపోయాడు. కరీం భాయ్ లేచి వెళ్లి ఆ బట్ట తను కోశాడు.

యుద్ధం ఎమిల్‌ను కూడా వదల్లేదు. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయింది కాబట్టి శత్రుదేశం మనిషని ప్రభుత్వం కొన్నాళ్లు శిబిరంలో ఉంచితే, సంఘం వాళ్లు మళ్లీ మళ్లీ విన్నవించి విడిపించారు. యుద్ధం ముగిశాక తమ్ముడి కోసం ఎన్నో చోట్ల వెతికించారు. జాడ దొరకలేదు.

పరాయి దేశంలో బాధపడేవాళ్ల పక్షాన మాట్లాడటమంటే పెద్ద సభల్లో పెద్దవాళ్లు చేసే పని అనుకునేవాణ్ణి. అదీ కావాలి. కానీ వచ్చేవాడి వల్ల తన కూడు పోతుందేమోనని భయపడే మనిషి పక్కన కూర్చుని అడగడం కూడా ఆ పనిలో భాగమేనని ఎమిల్ విషయంలో తెలుసుకున్నాను. యుద్ధకాలంలో తప్పించుకుని వచ్చినవాళ్లకు పని చూపాల్సి వచ్చినప్పుడల్లా రోషన్ బాయి కరీం భాయ్‌ని తోడు రమ్మనేది. వచ్చేవాడు ఎవరని గానీ, ఏ మతమని గానీ అతను అడిగేవాడు కాదు.

"ఆ జాగల పనిచేసెటోళ్లను అడిగినవా బాయీ?" అనేవాడు. ఆమె అడిగానంటేనే లేచేవాడు.