సారెలో పెట్టిన పాట

మొన్న పెళ్ళిలో మా మనవరాలికి అత్తగారివాళ్ళు గ్రామఫోను పెట్టె పెట్టారు. నలుగురిలో అది తిరుగుతుంటే మురిసిపోయి, "జేజీ, నీకు బాగా నచ్చిన పాటలు చెప్పు, ప్లేట్లు తెప్పించుకుంటా" అంది. నాకు నవ్వొచ్చింది. నాకు నచ్చినవి ఏ ప్లేట్లోనూ లేవు. అయినా అడిగిన నోరు కాదా అని మొదలుపెట్టాను. ఒళ్ళు బద్ధకించిన నాడు చెక్కభజన పాట వినాలి. మనసు బరువెక్కితే పీర్ల పండగకు మా పక్కింటి దూదేకుల మామ పాడిన పాట. నాకు అర్థం సగమే తెలిసేది, ఏడుపు మాత్రం పూర్తిగా వచ్చేది. ఇక మా చిన్నాయన నాటకం పద్యం. కడపలో ఒక్క నాటకం చూసొచ్చి, పాలు పితికేటప్పుడు కూడా ఆ రాగమే తీస్తుంటే, మా ఎనుము పాలు చేపడం మానేసింది. అయినా వినదగ్గదే.

ఇన్ని చెప్పి ఒక్కటి దాచుకున్నాను. అది మా జేజి తిరగలి పాట.

నందికొట్కూరు దగ్గర మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు సారెతో పాటు జేజి ఒక పాట ఇచ్చేది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, తప్పు లేకుండా వచ్చేదాకా నేర్పేది. ఇచ్చాక మళ్ళీ తాను పాడేది కాదు. పెట్టిన చీర మనమే కట్టుకుంటామా అనేది. అక్కలిద్దరూ జోలపాటా, మంగళహారతీ పట్టుకుపోయారు. నా వంతుకు నేను ఆశపోతునై తిరగలి పాటే అడిగాను. పొద్దున్నే ఆ పాట, వెచ్చని జొన్నపిండి వాసన కలిసి నా నిద్రలోకి వచ్చేవి. ఏది కలో ఏది పాటో తెలిసేది కాదు. "అది పోతే ముసలామె ఎట్ల ఇసురుతాదే?" అని అమ్మ కసిరింది. జేజి తిరగలి పిడి కాసేపు నిమిరి, "అడిగినాక ఇయ్యాల్సిందే" అంది.

ఏడాదికి పురిటికి వచ్చాను. తెల్లవారి మెలకువ వస్తే రాయి గరగరమంటోంది, పాట లేదు. జేజి పెదాలు బిగించి ఒక్కతే విసురుతోంది. వెళ్ళి ఎదురుగా కూర్చుని పిడి పట్టుకున్నాను.

"పాడు జేజీ, ఎవరేమంటారు?"

"నేనెట్ల పాడేది పాపా? అది నీది. నువ్వే పాడు, విని శానా దినాలాయ."

పాడాను. ఆమె కళ్ళు మూసుకుని నా పాట వెంట చెయ్యి తిప్పింది. ఉన్నన్నాళ్ళూ అట్లాగే విసిరాం.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. తన అత్తారిది మైదుకూరు, పిండిమిషను ఉన్న ఊరు. అక్కడ ఈ పాట మూలన పడుతుంది, ఇక్కడ నా పొద్దులు మూగవైపోతాయి. ఇవ్వకుండా ఉంచుకుందామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. మర్నాడు పొద్దున నేను విసురుతుంటే అదే వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇది చెప్పకపోతివే జేజీ? నిద్రలో దినామూ వింటాండా" అంది. ఇక నా చేతిలో ఏముంది? మూడు పొద్దులు నేర్పాను. నాలుగో నాడు అత్తారింటికి బండెక్కింది.

ఈ పొద్దున రాయి ఒక్కటే గరగరమంది. రెండుసార్లు పాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిల్ల పండగకు వచ్చేదాకా ఇంతే. ఒకప్పుడు తిరగలికి అవతల కూర్చున్నదాన్ని, ఇప్పుడు ఇవతల జేజి చోటులో కూర్చున్నాను. నడుమ రాయి ఎన్ని చుట్లు తిరిగిందో, పాడుకుంటూ నేను లెక్క పెట్టనే లేదు.